పెద్దకోనలో పదకొండువందల అరవైనాలుగు పులులు

పెద్దకోన పులుల అభయారణ్యంలో ఉన్నది ఒకే ఒక్క పులి అన్న సంగతి ముగ్గురికి తెలుసు. ఒకటి, ఆ పులికి. రెండు, ముప్పయ్యేళ్ళుగా దాని అడుగులూ, అంతకుముందు దాని తల్లి అడుగులూ చూసుకుంటూ అడవంతా తిరిగిన చెంచు ట్రాకర్ ఈదన్నకి. మూడు, అభయారణ్యం ఆఫీసులో కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూచునే సలోమికి.

సలోమిది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. అంటే పని ఆఫీసుది, మనిషి ఆఫీసు మనిషి కాదు. ఆమె కుర్చీకి ఒక చెయ్యి లేదు. హాజరు పట్టీలో ఆమె పేరు ఆఖరి పేజీ వెనకవైపు ఉంటుంది. అయినా ఆ ఆఫీసు మొత్తంమీద డేటాబేస్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి పులుల లెక్క అంతా ఆమె చేతుల మీదే నడుస్తోంది.

ఆ లెక్క కష్టమైనదేం కాదు. అడవిలో నలభై చోట్ల చెట్లకి కెమెరాలు కట్టి ఉంటాయి. ముందునుంచి ఏ జంతువు నడిచినా ఫోటో పడుతుంది. పులి ఒంటిమీది చారలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకోదానికి ఉండవు. కంప్యూటర్ ఆ చారల్ని కొలిచి ఒక సంకేతం ఇస్తుంది. ఫోటోలకి ఒక పట్టిక ఉంది, అందులో ఎన్ని ఫోటోలైనా ఎక్కించుకోవచ్చు. పులులకి వేరే పట్టిక ఉంది. ఆ పులుల పట్టిక తయారుచేసిన రోజున సలోమి దానికొక కట్టుబాటు పెట్టింది. ఒక చారల సంకేతం అందులో ఒక్కసారే ఉండాలి. యూనిక్ కన్‌స్ట్రెయింట్ అంటారు దాన్ని, ఆఫీసు తెలుగులో ‘ఏకైక నిబంధన’. ఉన్న పులినే మళ్ళీ ఎక్కించబోతే కంప్యూటర్ ఎర్రక్షరాల్లో ‘డూప్లికేట్’ అని చెప్పి ఊరుకుంటుంది. ఎన్నిసార్లు బతిమాలినా అదే మాట.

ఏటేటా కొత్త లెక్కకి ముందు పాత వరుసలు తీసి పులుల పట్టిక ఖాళీ చేస్తారు. ఆ ఏటి లెక్కకి మూడునెలల్లో మూడువందల పద్దెనిమిది పులి ఫోటోలు వచ్చాయి. సలోమి వాటిని ఒక్కొక్కటే ఎక్కించింది. మొదటిది ఎక్కింది. మిగతా మూడువందల పదిహేడు ఎక్కలేదు.

“అంతా ఆయమ్మే తల్లీ,” అన్నాడు మెమరీ కార్డులు తెచ్చిచ్చిన ఈదన్న, ఆమె భుజం మీదుగా తెర చూస్తూ. ఆ పులిని ఎప్పుడూ ‘ఆయమ్మ’ అనే అంటాడు. “ఎడమ చెవి చీలి ఉండ్లా? పోయినేడు ముసలిమగాడు పాయె. ఇంకోటి యేరు దాటి పాయె. ఈమె ఒక్కతే ఉండిపాయె.”

చిక్కల్లా ఆ వారమే రాజధాని నుంచి సర్క్యులర్ రావడం వల్ల వచ్చింది. ప్రతి అభయారణ్యమూ గత లెక్కకన్నా పదిహేను శాతం పెరుగుదల చూపించాలని అందులో ఉంది. గత లెక్కలో పెద్దకోన పులులు మూడు. సూపరింటెండెంటు కామేశంగారు ముక్కుపొడుం పీల్చి లెక్కవేస్తే ఈసారి మూడున్నర పులికి రవ్వంత తక్కువ ఉండాలని తేలింది. ఆ అర పులి ఏ వైపు అర అన్నది సర్క్యులర్‌లో లేదు. ఆయన ఫైలు పట్టుకుని డైరెక్టరుగారి గదికి పరిగెత్తారు.

డైరెక్టరు అనంతపద్మనాభంగారికి అడవి దుమ్ము పడదు. అందుచేత అడవిని ఫైళ్ళలోనే చూస్తారు. ఆ రోజు మాత్రం స్వయంగా లేచి సలోమి గదిదాకా వచ్చారు.

“ఏం రాసుంది అక్కడ? డూప్లికేటా?” ఆయన మొహం జేవురించింది. “అంటే మన పులిని నకిలీ పులి అంటోందా ఈ మిషను?”

“నకిలీ అని కాదు సార్. ఈ పులి ఇదివరకే ఎక్కింది, మళ్ళీ ఎక్కించొద్దు అంటోంది.”

“ఎందుకు ఎక్కించకూడదు? మళ్ళీ వచ్చింది కదా?”

“వచ్చింది అదే పులి సార్.”

“చూడమ్మాయ్. ధర్మాసుపత్రికి ఒక మనిషి పదిసార్లు వెళ్తే పది చీటీలు రాస్తారా, రాయరా? తొమ్మిదిసార్లు వెనక్కి పంపిస్తారా?”

“చీటీలు పది రాస్తారు సార్. మనుషులు పదిమంది అని రాయరు. నేను హాజరు పట్టీలో అయిదుసార్లు సంతకం పెడితే అయిదుగురు సలోములు అవుతారా?”

కామేశంగారు దగ్గారు. డైరెక్టరుగారు కాసేపు ఆలోచించి, “ఉద్యోగుల విషయం వేరు, వన్యప్రాణుల విషయం వేరు,” అని తేల్చి, సాంకేతిక సలహా సంఘాన్ని సమావేశపరచమన్నారు.

సంఘంలో ఏడుగురు. డైరెక్టరుగారు అధ్యక్షులు, కామేశంగారు కన్వీనరు, మిగిలిన అయిదుగురూ ఉల్లిపకోడీల విషయంలో మాత్రమే అభిప్రాయాలున్నవారు. సలోమిని తలుపు దగ్గర నిలబెట్టి అడిగారు.

“ఈ ఏకైక నిబంధన ఎవరు పెట్టారు?”

“నేనే సార్.”

“ఏ జీవో ప్రకారం?”

“జీవో ఏం లేదు సార్. ఒక పులి ఒక్కటే ఉంటుందని...”

“ఒక పులి ఒక్కటే ఉంటుందని ప్రభుత్వం ఎక్కడైనా ఉత్తర్వు ఇచ్చిందా?”

నిజానికి అలాంటి ఉత్తర్వు ఎక్కడా లేదు. కామేశంగారు పాత గెజిట్లన్నీ తిరగేసి వచ్చి ఆ మాటే చెప్పారు. సంఘం నిట్టూర్చింది. ఉత్తర్వు లేని నిబంధన ఇంతకాలం నడిచినందుకు విచారం వ్యక్తం చేసి, పకోడీలు ముగించి లేచింది.

సలోమి ఒక్కటే అడిగింది, రాతపూర్వకంగా ఇమ్మని. మర్నాడు ఇచ్చారు.

‘పెద్దకోన అభయారణ్యపు పులుల పట్టికయందు ఎట్టి ప్రభుత్వ ఉత్తర్వు లేకుండగనే అమలులో ఉన్న ఏకైక నిబంధన వలన, అడవియందు పలుమార్లు సంచరించు పులులకు తగిన ప్రాతినిధ్యము లభించకపోవుట గమనించడమైనది. సదరు నిబంధనను తక్షణమే తొలగించవలసినదిగా ఆదేశించడమైనది. తొలగింపు వలన ఏ పులికీ అన్యాయము జరగలేదని ధ్రువీకరించుచూ నివేదిక సమర్పించవలెను.’

తొలగించడానికి ఒక్క వరుస ఆజ్ఞ చాలు. సలోమి అది టైపు చేసి, కాసేపు దానివంక చూస్తూ కూచుంది. మూడేళ్ళ కిందట ఆ పట్టిక తయారుచేసినప్పుడు ఈదన్న పక్కన కూచుని, మూడు పులుల చెవులూ తోకలూ నడకలూ చెప్తుంటే తాను రాసుకోవడం గుర్తొచ్చింది. మీట నొక్కింది. కనురెప్ప పడేలోపు అయిపోయింది. తర్వాత మిగిలిన మూడువందల పదిహేడు ఫోటోలూ ఒక్క మాట అనకుండా లోపలికి పోయాయి. ఏ పులికీ అన్యాయం జరగలేదని నివేదిక రాసి సంతకం పెట్టింది.

మూడు పులుల అభయారణ్యంలో మూడువందల పద్దెనిమిది పులులు! రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి, పులివి కాదు, డైరెక్టరుగారివి. ఒక సంస్థ ఆయనకి ‘వ్యాఘ్రబంధు’ అని బిరుదిచ్చి శాలువా కప్పింది. బిరుదు వచ్చాక ఆయనకి మూడువందల పద్దెనిమిది తక్కువగా కనిపించసాగింది. కెమెరాలు రెండువందలు చేయించారు. అందులో అరవై ఆయమ్మ నీళ్ళు తాగే మడుగు చుట్టూనే కట్టించారు. పులికి కుడివైపు చారలొకలా, ఎడమవైపు చారలొకలా ఉంటాయన్న శాస్త్రీయ సత్యం ఎవరో ఆయన చెవిన వేస్తే, కుడివైపు పులినీ ఎడమవైపు పులినీ విడిగా ఎక్కించమన్నారు. ఆయమ్మ ఒకసారి మడుగు దగ్గర దాహం తీర్చుకుని వెనక్కి తిరిగి వెళ్తే పెద్దకోనలో పులులు యాభైకి తక్కువ కాకుండా పెరిగేవి. ఏడాది తిరిగేసరికి లెక్క పదకొండువందల అరవైనాలుగయింది.

ఢిల్లీలో ఒక గుమాస్తాకి మాత్రం అనుమానం వచ్చింది. ఆయన రాసిన ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి. ‘ఒక పులి ఏడాదికి సుమారు యాభై జింకల్ని తింటుంది. మీ అడవిలో జింకలు తొమ్మిదివందలు అంటున్నారు కనుక, మీ పులులకు అవి ఆరు రోజులు కూడా రాకూడదు, వివరణ పంపండి.’

కామేశంగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. డైరెక్టరుగారు ఉత్తరం చదివి నవ్వారు.

“జింకల పట్టికలో కూడా ఆ దిక్కుమాలిన నిబంధన ఉందేమో చూడండి.”

ఉంది. దుప్పుల ఒంటిమీది చుక్కలకి కూడా సలోమి సంకేతం పెట్టుకుంది. తీసేశారు. నెలలోగా జింకలు అరవైఒక్క వేలయ్యాయి. ఇన్ని జింకలకి గడ్డి ఎక్కడిదని ఎవరూ అడగలేదు కాబట్టి గడ్డి జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఇక మాటిమాటికీ ఒక్కొక్కటే తీసుకునే శ్రమ దేనికని, అభయారణ్యం నిర్వహణలోని సమస్త పట్టికల నుంచీ ఏకైక నిబంధనను తొలగించవలసినదని డైరెక్టరుగారు ఒకే ఉత్తర్వుతో పని ముగించారు.

ఇంతవరకూ సలోమి నవ్వుకుంటూ, విసుక్కుంటూ, ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్పి నవ్విస్తూ నెట్టుకొచ్చింది. నవ్వు పోయింది మాత్రం మాఘమాసంలో, ఈదన్న ఒక కాగితం మడత చేతిలో పట్టుకుని వచ్చిన రోజున.

“ఇది చదువు తల్లీ. మా పెంటలో ఎవురికీ సరింగా కూడబలుక్కోను రాలా.”

పెంట అంటే చెంచుల గూడెం. ఈదన్నది రాళ్ళపెంట, అడవి నడుమ పందొమ్మిది కుటుంబాలు. కాగితంలో ఇలా ఉంది: పెద్దకోనలో పులుల సాంద్రత ప్రమాదకర స్థాయిని దాటింది కనుక, రాళ్ళపెంట వాసుల ప్రాణరక్షణ నిమిత్తం వారిని అరవై రోజులలోగా హైవే పక్కనున్న పునరావాస కాలనీకి తరలించడమగును. సహకరించని వారి ప్రాణములకు ప్రభుత్వము బాధ్యత వహించదు.

సలోమి చదివింది. ఈదన్న గోడకి ఆనుకుని నేలమీద కూచున్నాడు.

“ఆయమ్మ ఏనాడన్నా మా జోలికొచ్చిందా? మా కుక్క నొకదాన్ని ఎత్తకపాయింది, అంతే. అదీ ఊరికే అరిచే కుక్క. తేనె తీసే కాలంలో మేం హైవే పక్కన కూకోని ఏం తియ్యాల? లారీలు లెక్కబెట్టాల్నా?”

సలోమి ఊరుకోలేకపోయింది. పట్టికలో కుడివైపునీ ఎడమవైపునీ జతచేసి, ఒకే సంకేతం ఉన్నవాటినన్నిటినీ ఒకటిగా కలిపి లెక్కవేయించి, ఆ కాగితం ప్రింటు తీసుకుని డైరెక్టరుగారి ముందు పెట్టింది. అందులో ఒకటే గడి. ‘విడివిడి పులులు: 1.’

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. “ఇది ఏ నమూనా?”

“నమూనా కాదు సార్, నిజం.”

“నిర్ణీత నమూనాలో ‘విడివిడి’ అన్న గడి లేదమ్మాయ్. ‘మొత్తం’ అన్న గడి ఉంది. గడి లేనిదాన్ని నేనెక్కడ నింపను?” అని కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశారు. ఆ వెంటనే ఏదో తట్టినట్టు, “ఈ ఒకటి అన్న మాట నీకు ఎవరు చెప్పారు? ఆ ట్రాకరా? పిలిపించండి వాణ్ణి,” అన్నారు.

మర్నాడు ఈదన్న ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

“ముప్పయ్యేళ్ళ సర్వీసు నీది. ప్రస్తుతం ఈ అడవిలో ఎన్ని పులుల్ని చూస్తున్నావు?”

“ఒకటి సామీ.”

“రికార్డు ప్రకారం పదకొండువందల అరవైనాలుగు. అంటే పదకొండువందల అరవైమూడు పులులు నీ కళ్ళముందు తిరుగుతుంటే నువ్వు గమనించలేదు.”

“లేందాన్ని ఎట్ట సూసేది సామీ?”

“లేదని నిర్ణయించడానికి నువ్వెవరు? నీకు అప్పజెప్పిన పని చూడడం. ఉందా లేదా అన్నది పై అధికారుల పరిధి. కామేశంగారూ, రాసుకోండి. విధినిర్వహణలో ఘోర నిర్లక్ష్యం. సస్పెన్షన్.”

ఈదన్న బయటికొచ్చి, సలోమి కిటికీ దగ్గర ఆగి, ఖాకీ చొక్కా విప్పి మడిచి ఆమె బల్లమీద పెట్టాడు. “భద్రంగా పెట్టు తల్లీ. ఉతికిందే,” అని వెళ్ళిపోయాడు.

అరవై రోజుల గడువులో ఇంకా ముప్పై మిగిలి ఉండగా, పక్క రాష్ట్రం నుంచి ఒక విన్నపం వచ్చింది. అక్కడొక అభయారణ్యంలో పులులన్నీ పోయాయి. ఢిల్లీ వాళ్ళు జాబితా చూసి, దేశంలో పులులు పొంగిపొర్లుతున్నది పెద్దకోనలోనే కనుక ఆ రాష్ట్రానికి పన్నెండు పులుల్ని ఇవ్వాలని పెద్దకోనకి ఆజ్ఞాపించారు.

డైరెక్టరుగారు ఆనందంగా ఒప్పుకున్నారు. పదకొండువందల అరవైనాలుగులో పన్నెండు ఏం లెక్క! మత్తుమందు తుపాకులతో, బోన్లతో, డాక్టర్లతో దండు బయల్దేరింది. పదిరోజులు తిరిగింది. పులి తోక కూడా కనిపించలేదు. ఆయమ్మ ఎక్కడ పడుకుంటుందో, ఏ పూట ఏ దారిన పోతుందో తెలిసిన మనిషి ఒక్కడే, వాడేమో సస్పెన్షన్‌లో ఉన్నాడు.

ఈసారి డైరెక్టరుగారే మెత్తబడ్డారు. ఈదన్నని కుర్చీలో కూచోబెట్టి టీ ఇప్పించారు.

“నువ్వు చూపిస్తే నీ సస్పెన్షన్ ఎత్తేస్తా. మీ రాళ్ళపెంట సంగతి కూడా సానుభూతితో పరిశీలిస్తా.”

“నోటీసు వాపసు తీసుకుంటారా సామీ?”

“పరిశీలిస్తానన్నానుగా.”

ఈదన్న టీ తాగకుండా సలోమి దగ్గరికొచ్చాడు. ఏం చెయ్యమంటావని అడగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. “ఆయమ్మని పంపితే మావోళ్ళు నిలబడతారంట. పంపకుంటే మావోళ్ళూ పోవాల, ఎట్నో ఒకట్ల ఈమెనూ పడతారు. నాకు చెప్పడం రాదు కానీ తల్లీ, నా బిడ్డని నేనే పట్టిచ్చినట్టుండాది.”

ఈదన్న పంచె బిగించుకుని దండుకి దారి చూపడానికి వెళ్ళాడు.

మూడోరోజు పొద్దున ఆయమ్మని బోనులో తీసుకొచ్చారు. మత్తులో ఉంది. చీలిన చెవి ఒకటి అప్పుడప్పుడూ కదులుతోంది. ఈదన్న బోను పక్కనే నడిచి వచ్చాడు. ఎవరివైపూ చూడలేదు.

పక్క రాష్ట్రం నుంచి దేశ్‌పాండే అనే అధికారి పన్నెండు లారీలతో దిగాడు. వాళ్ళ మామగారిది తెనాలి అట, తెలుగు బాగానే మాట్లాడతాడు. బల్లమీద పన్నెండు ఆరోగ్య ధ్రువపత్రాలు, పన్నెండు రవాణా అనుమతులు, మెడకి కట్టే పన్నెండు రేడియో పట్టీలు వరసగా పెట్టి ఉన్నాయి. బోను మాత్రం ఒకటి.

దేశ్‌పాండే బోను చుట్టూ ఒకసారి తిరిగాడు. కాగితాలు చూశాడు. మళ్ళీ బోను చుట్టూ తిరిగాడు.

“సార్, ఇది ఒకటి.”

“రికార్డులో పన్నెండు,” అన్నారు అనంతపద్మనాభంగారు, కళ్ళు ఆర్పకుండా. “వరుస సంఖ్య ఒకటి నుంచి పన్నెండు దాకా. కావాలంటే చూసుకోండి, ఏ రెండిటికీ ఒకే వరుస సంఖ్య లేదు.”

సలోమి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఇప్పుడు ఈయన గట్టిగా అరుస్తాడు, ఢిల్లీకి ఫోను చేస్తాడు, అంతా బయటపడుతుంది, ఆయమ్మని వదిలేస్తారు అనుకుంది. దేశ్‌పాండే నుదురు తుడుచుకున్నాడు. చివరికి డైరెక్టరుగారి పక్కకి కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించి అడిగాడు.

“నేను పన్నెండు పులులు తెస్తానని మా మంత్రిగారు అసెంబ్లీలో చెప్పేశారు. ఒకటి తీసుకెళ్తే నా పని అయిపోతుంది. మీ పట్టిక... ఎలా చేశారు సార్? మాకూ నేర్పగలరా?”

సలోమిని పిలిచారు. ఆ ఒక్క వరుస ఆజ్ఞని కాగితం మీద రాసి ఇమ్మన్నారు. దేశ్‌పాండే ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని పన్నెండుచోట్ల సంతకం చేశాడు. ఆయమ్మ మెడకి ఒక పట్టీ కట్టారు, పదకొండు పట్టీలు గోనెసంచిలో వేశారు. పన్నెండు లారీలూ పరదాలు దించుకుని, ముందు పోలీసు జీపు, వెనక పోలీసు జీపు, మధ్యలో సైరన్లతో ఊరంతా చూస్తుండగా వెళ్ళాయి. జనం దారికి రెండువైపులా నిలబడి ఖాళీ లారీలకి దండాలు పెట్టారు.

రాళ్ళపెంట నోటీసుని సానుభూతితో పరిశీలించారు. పరిశీలించగా, పన్నెండు పోయినా ఇంకా పదకొండువందల యాభైరెండు పులులు మిగిలే ఉన్నాయని, ప్రమాదం ఏమాత్రం తగ్గలేదని తేలింది. గడువు యథాతథం.

ఆ జవాబు తీసుకున్న రోజు ఈదన్న ఆఫీసు మెట్లమీదే కూచుండిపోయాడు. “ఆయమ్మని ఊరికే పంపితిని,” అన్నాడు. సలోమి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. ఆమె లోపలికొచ్చి, కంప్యూటర్ ముందు కూచుని, ఏం చెయ్యాలో తెలియక పట్టికలు ఒక్కొక్కటే తెరిచి మూసింది. పులులు. జింకలు. ముళ్ళపందులు. పునరావాసం.

పునరావాసం పట్టిక దగ్గర ఆగింది. రాళ్ళపెంట కుటుంబాలు పందొమ్మిదీ ఉన్నాయి. ప్రతి కుటుంబం ఎదురుగా నివాసం: రాళ్ళపెంట. గడువు తీరేలోగా ఆ గడిలో ‘హైవే కాలనీ’ అని మార్చాలి. ఒక కుటుంబం ఒకచోటే ఉండాలన్న కట్టుబాటు ఆ పట్టికకి కూడా తనే పెట్టింది. ‘సమస్త పట్టికల నుంచీ’ అన్న ఉత్తర్వుతో దాన్నీ తనే తీసేసింది.

సలోమి ఏ వరుసనీ మార్చలేదు. పందొమ్మిది కొత్త వరుసలు చేర్చింది. అవే పేర్లు, అవే కుటుంబ సంఖ్యలు, నివాసం: హైవే కాలనీ. కంప్యూటర్ ఒక్క మాట అనలేదు. నివేదిక ప్రింటు తీసింది. తరలించవలసిన కుటుంబాలు పందొమ్మిది, కాలనీలో చేరిన కుటుంబాలు పందొమ్మిది, లక్ష్యసాధన నూటికి నూరు శాతం.

కామేశంగారు సంతకానికి ముందు ఒకసారి తెరవంక చూశారు. ఆయన అనుకున్నంత అమాయకుడు కాదు.

“అమ్మాయ్, వీళ్ళు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారేంటి?”

“ఏకైక నిబంధన లేదు కదండీ,” అంది సలోమి. ఆయన ఒక్కమాట పైకి చేరవేస్తే ఈ చెయ్యిలేని కుర్చీ కూడా ఉండదు.

కామేశంగారు పొడుం డబ్బా తీసి, మూతమీద రెండుసార్లు తట్టి, ఒక పట్టు పీల్చారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది పొడుం వల్లే అయి ఉంటుంది. “నాకు రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది,” అన్నారు ఎవరితోనో చెప్తున్నట్టు. “ఉత్తర్వు ప్రకారమే ఉంది కదా?”

“అక్షరం తేడా లేదండీ.”

సంతకం చేశారు. డైరెక్టరుగారు నివేదిక చూసి, ఒక్క లాఠీ దెబ్బ లేకుండా గూడెం తరలించినందుకు తన్ను తానే మెచ్చుకుంటూ పై వాళ్ళకి ఉత్తరం రాసుకున్నారు. రాజధాని నుంచి ఒకాయన కాలనీ చూడ్డానికొచ్చాడు. ఇళ్ళకి ఇంకా పైకప్పులు వేయలేదు. కాబట్టి లోపల మనుషులు లేకపోవడం ఆయనకి ఏమంత వింతగా అనిపించలేదు. ‘లబ్ధిదారులు పనులకు వెళ్ళినట్టున్నారు’ అని రాసుకుని భోజనానికి వెళ్ళాడు. రాళ్ళపెంటలో ఆ పూట తేనె తీస్తున్నారు.

పక్క రాష్ట్రం కబుర్లు కూడా అప్పుడప్పుడూ తెలుస్తుండేవి. మిగిలిన పదకొండు రేడియో పట్టీల్నీ వాళ్ళు గార్డుల మోటారుసైకిళ్ళకి కట్టారట. ఉపగ్రహపటంలో పదకొండు పులులూ రోజూ పొద్దున పదింటికి ఒకే టీకొట్టు దగ్గర చేరడం, గంటసేపు కదలకుండా ఉండి విడిపోవడం కనిపించింది. పులి ఒంటరి జంతువన్న అభిప్రాయం తప్పని నిరూపిస్తూ దేశ్‌పాండే ఒక పరిశోధనాపత్రం చదివాడు. పన్నెండో పట్టీ మాత్రం, అంటే అసలు పులిది, రెండో నెలలోనే ఒక ముళ్ళకంచె దగ్గర ఆగిపోయింది. పన్నెండింట పదకొండు చక్కగా తిరుగుతుంటే ఒకదాని కోసం ఎవరు వెతుకుతారు?

పెద్దకోనలో మాత్రం కెమెరాలకి ఒక్క పులి ఫోటో పడలేదు. పులులు కెమెరాలను గుర్తుపట్టి తప్పించుకునే తెలివి సంపాదించాయని డైరెక్టరుగారు వార్షిక నివేదికలో రాశారు. సస్పెన్షన్ ఎత్తేశాక ఈదన్న మళ్ళీ ఖాకీ చొక్కా వేసుకుని అడవికి పోతున్నాడు గానీ, వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. పోయేవాడు, వచ్చేవాడు, కార్డులు బల్లమీద పెట్టేవాడు.

ఆయమ్మ వెళ్ళిన ఆరోనెలలో, వానలు పట్టిన తర్వాత, ఒకరోజు మధ్యాహ్నం ఈదన్న తడుస్తూ వచ్చాడు. మిగతా కార్డులు సంచిలోనే ఉంచి, ఒకటి మాత్రం టేకాకులో చుట్టి జేబులోంచి తీశాడు.

“ముందు ఇది చూడు తల్లీ.”

సలోమి కార్డు పెట్టింది. మడుగు గట్టు. వాన చారలు. మధ్యలో పులి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, అంత చిక్కిపోయింది. మెడచుట్టూ వెంట్రుకలు రాలి, పట్టీ ఒరుసుకున్న చోట చర్మం తెల్లగా ఉంది. ఎడమ చెవి చీలి ఉంది.

“ఎన్ని ఏర్లు దాటిందో,” అన్నాడు ఈదన్న. “ఎన్ని రోడ్లు దాటిందో. ఎవురు చెప్పినారు దానికి దోవ?”

సలోమి చెయ్యి అలవాటుకొద్దీ పులుల పట్టికవైపు పోయింది. పట్టిక తెరుచుకుని ఉంది. ఎక్కిస్తే పదకొండువందల యాభైమూడు. ఆ ఉదయమే ఇంకో రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చి డైరెక్టరుగారి బల్లమీద ఉంది, ఇరవై పులులు కావాలని.

“ఏమమ్మాయ్,” పక్క గదిలోంచి కామేశంగారు కేకేశారు. “ఏమన్నా పడిందా?”

ఈదన్న సలోమి మొహంలోకి చూశాడు.

“పడిందండీ,” అంది సలోమి. “ముళ్ళపంది.”

ముళ్ళపందుల పట్టిక తెరిచి ఒక వరుస చేర్చింది. తర్వాత ఫోటో తుడిచేసింది. కార్డు మళ్ళీ ఆకులో చుట్టి ఈదన్న చేతిలో పెట్టింది.

“మడుగు దగ్గర కెమెరాలు అరవై ఉన్నాయి కదా అన్నా. వానకి తడిసి పాడవుతాయేమో.”

“తడిసినాయి,” అన్నాడు ఈదన్న లేస్తూ. “ఇప్పుడే పోయి చూస్తే మిగతాయి కూడా తడిసుంటాయి.”

గోనెపట్టా తలమీద వేసుకుని, వాన తగ్గేదాకా ఆగమన్నా ఆగకుండా, మెట్లు దిగి అడవివైపు గబగబా నడిచాడు.